గాయనా, నటా? యామాగుచి మొమొయే ఏడున్నరేళ్ళ కెరీర్ గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: జపనీస్ పాటలు ఈమధ్యే వినడం మొదలుపెట్టారు. 1970ల పాటల గురించి ఎవరిని అడిగినా యామాగుచి మొమొయే పేరే చెప్తున్నారు. వెతికితే 14 ఏళ్ళకి పాడటం మొదలుపెట్టి 21 ఏళ్ళకి మానేసిందని తెలిసింది. అంత కొద్దికాలానికి ఇంత పేరేమిటి, ఆమె గాయని కింద లెక్కా నటి కిందా, పెళ్ళి కోసమే మానేసిందా, ముందు ఏది వినాలి?

ఆమె పాటలతో నాది పాత పరిచయమే కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆమె సినిమాలు చాలావరకు మామూలు సినిమాలు. సీరియళ్ళు ఏడుపుగొట్టువి. అయినా ఆమె గొప్ప నటి. ఆ నటన ఎక్కువగా కనిపించేది సినిమాల్లో కాదు, మూడు నిమిషాల పాటల్లో. అందుకే వినడం కన్నా టీవీ క్లిప్పుల్లో చూడటం ముఖ్యం అంటాను. పెళ్ళి సంగతి అందరూ మొదట చెప్తారు, నేను తర్వాత చెప్తాను.

ముందు అక్కడి పద్ధతి తెలియాలి. మన సినిమాల్లో గొంతు ఒకరిది, ముఖం ఒకరిది. తన పాట తనే పాడుకుంటూ నటించిన భానుమతిగారి లాంటివాళ్ళు తర్వాతి తరాల్లో బాగా తగ్గిపోయారు. జపాన్‌లో అలా కాదు. అక్కడ కళాకారుల ఏజెన్సీ ఒక కుర్రవాణ్ణో అమ్మాయినో చిన్నవయసులోనే తీసుకుని, రికార్డు కంపెనీ, టీవీ సీరియల్, సినిమా, చాక్లెట్ ప్రకటన అన్నీ తనే కుదురుస్తుంది. పాట హిట్ అయితే సీరియల్ వస్తుంది, సీరియల్ ఆడితే దాని పాట అమ్ముడవుతుంది. ఇలా తయారయ్యేవాళ్ళనే ఐడల్ అంటారు. పాడేవాళ్ళు నటించడం అక్కడ విశేషం కాదు, ఉద్యోగంలో భాగం. మొమొయేని తీసుకున్న ఏజెన్సీ హొరిప్రో, రికార్డులు వేసింది సీబీఎస్ సోనీ.

పుట్టింది 1959 జనవరి 17న టోక్యోలో, పెరిగింది యొకొసుకాలో. అది అమెరికా నౌకాదళ స్థావరం ఉన్న రేవు పట్నం. తండ్రికి వేరే కుటుంబం ఉండేది, తల్లే ఇద్దరు కూతుళ్ళనీ పెంచింది. ఈ సంగతి తర్వాత ఆమే తన పుస్తకంలో దాచకుండా రాసింది. 1972 డిసెంబరులో నిప్పన్ టీవీ వాళ్ళ 'స్టార్ తంజో!' అనే పోటీ ఫైనల్‌కి వచ్చింది. ఆ కార్యక్రమంలో పిల్లలు పాడాక, ఎదురుగా కూర్చున్న ఏజెన్సీల వాళ్ళూ రికార్డు కంపెనీల వాళ్ళూ నచ్చినవాళ్ళ కోసం తమ పేరున్న బోర్డు పైకెత్తుతారు. పదమూడేళ్ళ మొమొయేకి రెండో స్థానం వచ్చింది, బోర్డులూ లేచాయి. అయితే జడ్జీల్లో ఒకాయన, పేరున్న గేయరచయిత, ఈ పిల్ల సీరియల్లో ఎవరికైనా చెల్లెలి వేషానికి పనికొస్తుందేమోగానీ పాట మాత్రం కష్టం అన్నట్టు మాట్లాడాడు. ఆయన మరీ తప్పేమీ అనలేదు. అప్పటి రికార్డింగులు వింటే గొంతు చిన్నది, పరిధి తక్కువ, ముఖంలో నవ్వు లేదు.

1973 మేలో మొదటి రికార్డు 'తొషిగొరో' వచ్చింది. పెద్దగా ఆడలేదు. అదే పోటీ నుంచి వచ్చిన మోరి మసాకో, సకురదా జున్‌కోలతో కలిపి ముగ్గురికీ ఒక జట్టు పేరు పెట్టారు. ముగ్గురూ అప్పుడు జూనియర్ హైస్కూల్ మూడో సంవత్సరం. ముగ్గురిలో వెనకబడింది మొమొయే. అప్పుడు సీబీఎస్ సోనీ నిర్మాత సకాయి మసతొషి దారి మార్చాడు. అమాయకంగా కనిపించే పిల్ల చేత పెద్దవాళ్ళ మాటలు పాడించడం అతని ఎత్తు. రెండో పాట 'అఓయి కజిత్సు', అంటే పచ్చికాయ, అలాంటిదే. 1974 వేసవిలో వచ్చిన 'హితోనత్సు నో కెయికెన్' ఇంకో అడుగు ముందుకేసింది. ఆడపిల్లకి ఎంతో విలువైనదాన్ని నీకిస్తాను అని పాడించారు. ఆమెకి అప్పుడు పదిహేనేళ్ళు. ఇప్పుడు వింటే నాకు ఇబ్బందిగానే ఉంటుంది, ఉండాలి కూడా. విలేఖరులు ఊరుకుంటారా? ఆ విలువైనది ఏమిటమ్మా అని ప్రతి ఇంటర్వ్యూలో నవ్వుకుంటూ అడిగేవాళ్ళు. ఆమె ముఖం మార్చకుండా ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పేది: నిండు మనసు. అంతే. అడిగినవాడికి మరో ప్రశ్న దొరికేది కాదు. ఎవరో రాసిచ్చిన డైలాగే అయినా, దాన్ని అలా చెప్పి నిలబెట్టడం మాత్రం ఆమెదే. నా లెక్కలో ఆమె నటన అక్కడ మొదలైంది.

ఆ ఏడాది డిసెంబరులోనే కథానాయికగా మొదటి సినిమా 'ఇజు నో ఒదొరికో' వచ్చింది. కవబాతా యసునారి కథ. ఇజు కొండదారుల్లో ఒక విద్యార్థికీ, ఊరూరా తిరిగి ఆడే నాట్యబృందంలోని అమ్మాయికీ మధ్య చిగురించే ఇష్టం. దర్శకుడు నిషికావా కత్సుమి ఇదే కథని 1963లో యొషినాగా సయూరితో ఒకసారి తీసినవాడే. విద్యార్థి వేషం వేసింది మియురా తొమొకాజు. ఇద్దరూ అంతకుముందే గ్లికో కంపెనీ ప్రకటనలో కలిసి నటించారు. అక్కణ్ణించి ఆమె సినిమాల్లో దాదాపు అన్నిటికీ అతనే జోడీ. జనం ఈ జంట కోసం ఏడాదికి రెండుసార్లు, కొత్త సంవత్సరానికీ వేసవికీ, థియేటర్లకి వచ్చేవాళ్ళు. కథలు మిషిమా, తనిజాకి, హొరి తత్సుఒ లాంటి పెద్ద రచయితల నవలల నుంచి తీసుకున్నవి, చాలావరకు అంతకుముందు ఎవరో తీసినవే. నిర్మాతలకి రిస్కు లేదు. అందుకే చాలా సినిమాలు జాగ్రత్తగా, చప్పగా ఉంటాయి. మినహాయింపు 1976లో వచ్చిన 'షున్‌కిన్‌షో'. చూపు లేని సంగీత గురువు షున్‌కిన్ వేషం ఆమెది, ఆమెకి సేవ చేసే శిష్యుడు మియురా. ఆ పాత్రకి కళ్ళు పనికిరావు, జాలీ పనికిరాదు, అహంకారం కావాలి. పదిహేడేళ్ళ పిల్ల మెడ నిలిపిన తీరుతోనే ఆ అహంకారం చూపించింది.

టీవీలో టీబీఎస్ వాళ్ళ 'అకాయి' సీరియళ్ళు మరో కథ. అకాయి అంటే ఎరుపు, వరుసగా వచ్చిన సీరియళ్ళన్నిటి పేర్లలోనూ ఆ మాట ఉంటుంది. ముఖ్యమైనది 1975 అక్టోబరు నుంచి 1976 ఏప్రిల్ దాకా నడిచిన 'అకాయి గివాకు'. అందులో సచికో అనే అమ్మాయికి ఆసుపత్రిలో రేడియేషన్ తగులుతుంది, లుకేమియా వస్తుంది. ప్రేమించిన అబ్బాయి చూస్తే తన అన్నే అని తేలుతుంది. మన డైలీ సీరియళ్ళు చూసి పెరిగినవాళ్ళకి ఏ మలుపూ కొత్తగా ఉండదు. ఒక్కటి గమనించండి: చుట్టూ ఉన్న పెద్ద నటులందరూ గట్టిగా ఏడుస్తారు, ఆమె మాత్రం తగ్గించి మాట్లాడుతుంది. ఆ తేడా వల్లే చూసేవాడి కన్ను ఆమె మీదే ఉంటుంది. ఈ సీరియల్ 1984లో చైనా టీవీలో వచ్చింది. అక్కడి కుర్రకారు ఆమె వేసుకున్న తరహా చొక్కాలు కుట్టించుకున్నారు, ఆమె హీరో పట్టుకున్న తరహా సంచీలు కొన్నారు. తమాషా ఏమిటంటే, అప్పటికి ఆమె అన్నీ మానేసి నాలుగేళ్ళయింది.

ఇక అసలు మలుపు 1976. ఇదే సరిగ్గా చెప్పడానికి ఇంత రాస్తున్నాను.

అప్పటిదాకా ఆమె పాటలు ఎక్కువగా రాసింది సెంకె కజుయా, ట్యూన్లు చేసింది ఎక్కువగా తొకురా షున్‌ఇచి. రికార్డులు బాగానే అమ్ముడవుతున్నాయి. ఐడల్ అయిన పిల్ల నోరు మూసుకుని ఇచ్చింది పాడటమే రివాజు. అలాంటిది ఆమె ఉజాకి ర్యూదో పాట కావాలని తనే అడిగింది. అతనెవరు? డౌన్‌టౌన్ బూగీ వూగీ బ్యాండ్ అనే రాక్ బృందం నాయకుడు. వాళ్ళు మెకానిక్కులు తొడుక్కునే తెల్ల ఓవరాల్స్ వేసుకుని వేదికెక్కే రకం. ఐడల్ అమ్మాయికీ అతనికీ పొంతనే లేదు. అతని భార్య ఆకి యోకో మాటలు రాసింది. ఆవిడ పెరిగింది యొకొహామాలో. 1976 జూన్‌లో వచ్చిన 'యొకొసుకా స్టోరీ' మొమొయే సింగిల్స్ అన్నిటిలోకీ ఎక్కువ అమ్ముడైంది.

అంతకుముందు పాటల్లో అమ్మాయి ఇస్తాను, ఎదురుచూస్తాను అనేది. ఇందులో అమ్మాయి సముద్రం కనిపించే కొండవాలు మీద నిలబడి, ఇక ఇంతేనా అని అడుగుతుంది. పల్లవిలో అదే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒకసారి అనుమానంగా, ఒకసారి నిలదీస్తున్నట్టు, చివరికి జవాబు తెలిసిపోయినట్టు. రాగం పెద్దగా మారదు, పలుకు మారుతుంది. గొంతు కూడా అప్పటికి కిందికి దిగి చిక్కబడింది. ఇప్పటికీ కెయిక్యూ రైలు మార్గంలో యొకొసుకా-చుఓ స్టేషన్లో బండి వస్తోందని చెప్పడానికి ఈ పాట ముక్కే మోగిస్తారు. ప్లాట్‌ఫారం మీద ఫోన్ చూసుకుంటున్న స్కూలు పిల్లలకి అది రైలు గంట, అంతకన్నా ఏమీ కాదు. పక్కన అరవైలు దాటిన ఆవిడ ఎవరైనా ఉంటే మాత్రం పెదాలు కదులుతాయి.

ఆకి, ఉజాకి దంపతులు తర్వాత రాసినవి పాటలు అనడం కన్నా సన్నివేశాలు అనడం సబబు. 1978 మేలో వచ్చిన 'ప్లేబ్యాక్ పార్ట్ 2' తీసుకోండి. ఒక స్త్రీ ఎర్ర పోర్షే కారులో ఒంటరిగా పోతోంది. కూడలిలో పక్క కారువాడు నా అద్దం గీసుకుపోయిందని అరుస్తాడు. ఈమె కూడా తిరగబడి, నన్నేమనుకుంటున్నావు, తప్పు నీదే అని గట్టిగా అంటుంది. అంతే, సంగీతం ఆగిపోతుంది. ఆగు, ఈ మాట ఎక్కడో విన్నానే అనుకుంటుంది. టేపు వెనక్కి తిరిగినట్టు కథ నిన్నరాత్రికి వెళ్తుంది. ఇంట్లో గొడవలో పడ్డ మాటలే ఇవి. వీడియో చూస్తే ఆ ఆగిన క్షణంలో ఆమె ఏమీ చేయదు. చెయ్యి ఊపదు, కనుబొమ్మ ఎగరెయ్యదు. చూపు మాత్రం ఒక చోట నిలబడిపోతుంది. ఇంకెవరైనా ఆ ఖాళీలో ఏదో ఒకటి చేసి చెడగొట్టేవాళ్ళు. అన్నట్టు, ఎన్‌హెచ్‌కే ప్రకటనలు వెయ్యని పబ్లిక్ ప్రసార సంస్థ కాబట్టి బ్రాండు పేరు పనికిరాదని, వాళ్ళ కార్యక్రమంలో పోర్షే బదులు ఎర్ర కారు అని పాడించారు.

అదే ఏడాది వచ్చిన 'జెత్తాయిజెత్సుమెయి'లో సాయంత్రం కేఫ్‌లో ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా కూర్చుంటారు. అతన్ని వదిలెయ్యి అని ఒకరు, కుదరదు అని ఇంకొకరు. రెండు గొంతులూ ఆమెవే, అదీ పాట వేగంలోనే. 1979లో వచ్చిన 'బి సైలెంట్' ఇంకా కొంటెది. ముఖ్యమైన మాట వచ్చేచోట శబ్దం ఉండదు, పెదాలు మాత్రం కదుపుతుంది. ఆ మాటేమిటో కనిపెట్టాలని జనం టీవీకి అతుక్కుని కూర్చునేవాళ్ళు. గాయని పాడకుండా ఉన్న చోటే ఆ పాటకి ప్రాణం. రేడియోలో ఆ పాట సగమే.

ఎప్పుడూ ఇలాంటివే పాడిందనుకోకండి. సదా మసాషి రాసిన 'కొసుమొసు' పెళ్ళికి ముందురోజు తల్లీకూతుళ్ళ పాట. తనిమురా షింజి రాసిన 'ఈ హి తబిదాచి' జపాన్ రైల్వేల ప్రచారానికి వాడిన పాట, అక్కడ అది తెలియనివాళ్ళు అరుదు. ఈ రెండూ నెమ్మదైన పాటలు. ఎర్ర కారు మనిషీ, పెళ్ళికూతురూ ఒకే ఏడాది వ్యవధిలో ఒకే గొంతులోంచి వచ్చారని గుర్తుపెట్టుకుని వినండి. 1978 డిసెంబరు 31న ఎన్‌హెచ్‌కే వాళ్ళు ఏటా చివరిరోజు ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ పెట్టే పాటల పోటీ 'కొహాకు'లో ఆడవాళ్ళ జట్టు తరఫున చివరి పాట ఆమెకిచ్చారు. మామూలుగా అది ఎన్‌కా అనే పాతబాణీ పాటలు పాడే తలపండిన గాయకులకి దక్కే మర్యాద. ఆమెకి అప్పటికి ఇరవై నిండలేదు. ఆ రోజుల్లో ఆమె మీద మేధావులకి ఎంత మోజంటే, జాజ్ విమర్శకుడు హిరఓకా మసాఅకి మొమొయే బోధిసత్త్వుడని పేరుపెట్టి ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఫోటోగ్రాఫర్ షినొయామా కిషిన్ తీసిన ఆమె నిశ్చల చిత్రాలతోనే ఎన్‌హెచ్‌కే ఒక కార్యక్రమం మొత్తం నడిపింది. కదలని బొమ్మల్ని అంతసేపు చూడగలిగారంటే ఆ ముఖంలో ఎంత ఉండాలి!

ఇప్పుడు పెళ్ళి. ఐడల్ అమ్మాయికి ప్రేమ ఉండకూడదు, ఉన్నా చెప్పకూడదు. 1979 అక్టోబరు 20న ఒసాకా కచేరీలో, వేదిక మీదే, తను ప్రేమిస్తున్నది మియురా తొమొకాజునని ఆమె చెప్పేసింది. 1980 మార్చిలో పెళ్ళి చేసుకుంటున్నాననీ అన్నీ మానేస్తున్నాననీ ప్రకటించింది. సెప్టెంబరులో ఆత్మకథ 'అఓయి తొకి' వచ్చి పది లక్షల ప్రతులు దాటింది. అక్టోబరు 5న టోక్యోలోని నిప్పన్ బుదోకాన్ హాల్లో ఆఖరి కచేరీ. చివర 'సయొనారా నో ముకోగవా' పాడి, చేతిలోని తెల్ల మైకుని వేదిక మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ క్లిప్ మీరు చూసే ఉంటారు, ఆమె గురించి ఏం వెతికినా ముందు అదే వస్తుంది. నవంబరు 19న పెళ్ళి. అదే రోజు 'ఇచియె' అనే సింగిల్ విడుదలైంది. దాని గేయరచయిత పేరు యొకొసుకా కెయి. అది ఆమె కలం పేరే.

కుటుంబం కోసం కెరీర్ త్యాగం చేసిందని ఒక వర్గం మెచ్చుకుంటుంది, ఆడదాన్ని ఇంటికి పంపిన సమాజం అని ఇంకో వర్గం తిడుతుంది. ఆ కాలపు జపాన్‌లో పెళ్ళయితే ఆడవాళ్ళు ఉద్యోగం మానెయ్యడం మామూలే, ఆ ఒత్తిడి లేదనను. కానీ ఆత్మకథ చదివితే నాకు కనిపించింది వేరు. తండ్రి ఉండీ లేని ఇంట్లో పెరిగిన అమ్మాయికి మామూలు ఇల్లు అనేది కావాలని కోరుకున్న వస్తువు. పదిహేడేళ్ళకి తన పాట ఎవరు రాయాలో అడిగి సాధించుకున్న మనిషి, ఇరవై ఒకటికి ఏం వదలాలో కూడా తనే తేల్చుకుంది. ఏజెన్సీ ఇంకా పాడించుకునేదే. ఆమె ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. ఇద్దరు కొడుకుల్లో ఒకరు నటుడు, ఇంకొకరు నటించడంతోపాటు పాడతాడు, తల్లి పాటలు కూడా రికార్డు చేశాడు. ఆమె మాత్రం 2019లో బట్టముక్కలతో కుట్టే క్విల్టుల మీద పుస్తకం వేసింది. మియురా ఇప్పటికీ నటిస్తున్నాడు. 'పర్ఫెక్ట్ డేస్' సినిమా చూశారా? అందులో చివర్లో నది ఒడ్డున హీరోతో నీడల ఆట ఆడే జబ్బుమనిషి ఆయనే.

పోల్చడానికి ఒక్క మాట. ఆమె వెళ్ళిపోయిన 1980లోనే మత్సుదా సెయికో వచ్చింది. పెళ్ళయ్యాక, కూతురు పుట్టాక కూడా ఆమె ఐడల్‌గానే పాడుతూ పోయింది. మొమొయే కన్నా సెయికో గొంతు మెరుగు, సందేహం లేదు. పాత్రలోకి వెళ్ళడం మాత్రం మొమొయే దగ్గరే ఉంది.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి. పాటలు 2020 నుంచి స్ట్రీమింగ్‌లో ఉన్నాయి. 'యొకొసుకా స్టోరీ', 'ప్లేబ్యాక్ పార్ట్ 2', 'జెత్తాయిజెత్సుమెయి' ఈ మూడూ ముందు వీడియోలో చూడండి. పాట అర్థం ఒకసారి చదువుకుని చూస్తే మంచిది, లేకపోతే ఆ ఆగడం ఎందుకో తెలియదు. తర్వాత 'కొసుమొసు' కళ్ళు మూసుకుని వినొచ్చు. ఆ తర్వాత బుదోకాన్ కచేరీ మొత్తం. మైకు క్లిప్ ఒక్కటే చూసి ఆగిపోకండి, అంతకుముందు రాక్ పాటల దగ్గర ఆమె ఎలా ఉందో చూడండి. సినిమాల్లో 'షున్‌కిన్‌షో', ఇచికావా కోన్ తీసిన 'కొతో' చాలు. రెండోది పుట్టగానే విడిపోయిన కవల అక్కచెల్లెళ్ళ కథ. ఒకరు క్యోటో కిమోనో వ్యాపారుల ఇంట, ఒకరు కొండల్లో దేవదారు చెట్ల దగ్గర. రెండు వేషాలూ ఆమెవే. పెళ్ళయ్యాక, 1980 డిసెంబరులో విడుదలైన ఆఖరి సినిమా ఇది. 'అకాయి గివాకు' ఓపిక ఉంటేనే చూడండి, లేకపోతే మొదటి రెండు ఎపిసోడ్లు చూసి వదిలెయ్యొచ్చు. మొదటి ఏడాది పాటలు ఆఖర్న వినండి, ముందే వింటే ఈవిడ గురించా ఇంత గొడవ అనిపిస్తుంది.

ఇవన్నీ అయ్యాక నకామొరి అకినా దగ్గరికి వెళ్ళండి. అదే 'స్టార్ తంజో!'లో మొమొయే పాట పాడి గెలిచిన అమ్మాయి. ఆమెది ఇంకో పెద్ద కథ, కావాలంటే విడిగా అడగండి, రాస్తాను.